నమలడం మొదలవగానే పేగులకు అందే కబురు

అందరికీ నమస్కారం. మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేద్దాం. రెండు చేతుల వేళ్లూ చెవుల కింద, దవడ మూలల మీద పెట్టుకోండి. పళ్లు గట్టిగా బిగించండి. వదలండి. మళ్లీ బిగించండి. వేళ్ల కింద ఒక కండ ఉబ్బి రాయిలా గట్టిపడుతోంది కదా? దాని పేరు మాసెటర్. దాన్ని నడిపించేది ట్రైజెమినల్ నరం. మెదడు నుంచి నేరుగా బయలుదేరే 12 జతల నరాల్లో అది ఐదోది.

ఇప్పుడు చేతులు దించేయండి. నమలడం అనగానే మనకు తెలిసింది ఇంతే: దవడ ఆడుతుంది, పళ్లు ఆహారాన్ని నలగ్గొడతాయి, మెత్తబడ్డాక మింగేస్తాం. నిజమే. అయితే ఆ నలగ్గొట్టే పని జరుగుతున్నంతసేపూ నోట్లోంచి మెదడుకి, అక్కడినుంచి కింద జీర్ణాశయానికి, పేగులకి కబుర్లు వెళ్తూనే ఉంటాయి. మొదటి ముద్ద గొంతు దిగకముందే కింద అవయవాలు సర్దుకోవడం మొదలుపెడతాయి. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ కబురు గురించి. అది ఎంత దూరం వెళ్తుంది, ఎంత పని చేయిస్తుంది, ఎక్కడ దాని శక్తి అయిపోతుంది. ఈ మూడోది కూడా చెప్పాలి. ఎందుకంటే నమలడం గురించి అతిగా చెప్పేవాళ్లు వందేళ్ల కిందటే ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ముందు నోటి సంగతి చూద్దాం. నమలడం మొదలుపెట్టడం మన ఇష్టం. మొదలయ్యాక ఆ లయను నడిపేది మెదడు అడుగున ఉండే బ్రెయిన్ స్టెమ్‌లోని నాడీకణాల గుంపు. అందుకే మనం మాట్లాడుతూ, ఆలోచిస్తూ, టీవీ చూస్తూ కూడా నమలగలం. ప్రతి పంటి వేరు చుట్టూ ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. పళ్ల మధ్య ఒక్క వెంట్రుక పడ్డా తెలిసిపోవడం వీటివల్లే. ఆహారం గట్టిగా ఉందా, జిగటగా ఉందా, ఎంత నలిగింది అన్న వివరాలన్నీ క్షణక్షణం పైకి వెళ్తుంటాయి. ఆ వివరాల్ని బట్టే దవడ బలం మారుతుంది, లాలాజలం ఊరుతుంది.

లాలాజలం విషయంలో ఒక తమాషా ఉంది. ఒకవైపు పళ్లతోనే నమిలితే ఆ వైపు చెవి ముందున్న పెరోటిడ్ గ్రంథి ఎక్కువ స్రవిస్తుంది, రెండోవైపుది తక్కువ. అంటే ఇది ‘నోట్లో ఏదో పడింది’ అన్న మోటు సమాచారం కాదు. ఏ పన్ను మీద ఎంత బరువు పడుతోందో కూడా అందులో ఉంటుంది. ఈ చర్యనే మనం రిఫ్లెక్స్ అంటాం. పాఠ్యపుస్తకాల్లో అసంకల్పిత ప్రతీకార చర్య అని చదువుకున్నారు. ఒక నరం సమాచారం మోసుకెళ్తుంది, మధ్యలో ఒక కేంద్రం దాన్ని అందుకుంటుంది, ఇంకో నరం ఆజ్ఞ తెస్తుంది. మన అనుమతితో దానికి పని లేదు.

ఈ రిఫ్లెక్స్ ఎంత తెలివైందో పావ్లోవ్ అనే రష్యన్ శాస్త్రవేత్త ఒక సులువైన ప్రయోగంతో చూపించాడు. కుక్క నోట్లో గులకరాళ్లు వేస్తే లాలాజలం దాదాపు ఊరదు. కుక్క వాటిని అటూ ఇటూ దొర్లించి ఉమ్మేస్తుంది. అదే రాయిని పొడిచేసి ఇసుకగా వేస్తే లాలాజలం ధారగా కారుతుంది. వస్తువు ఒకటే. గులకరాయిని నాలుకతో నెట్టేయొచ్చు, ఇసుకను మాత్రం కడగాలి. ఏది కావాలో నోరు, బ్రెయిన్ స్టెమ్ కలిసి తేల్చేసుకున్నాయి.

పావ్లోవ్ అనగానే అందరికీ గంట, కుక్క, చొంగ గుర్తొస్తాయి. ఆయనకు 1904లో నోబెల్ బహుమతి వచ్చింది ఆ గంట పనికి కాదు, జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకు. ఆ పరిశోధనలో గుండెకాయ లాంటిది ‘ఉత్తుత్తి భోజనం’. కుక్క అన్నవాహికను మెడ దగ్గర కోసి, ఆ కొసల్ని బయటికి తెరుచుకునేలా కుట్టేశారు. జీర్ణాశయానికి వేరే గొట్టం అమర్చారు. కుక్క ఆత్రంగా తింటుంది, నములుతుంది, మింగుతుంది. మింగింది మెడ దగ్గర బయట పడిపోతుంది. జీర్ణాశయంలోకి ఒక్క మెతుకు కూడా చేరదు. అయినా సుమారు 5 నిమిషాల్లో గొట్టంలోంచి స్వచ్ఛమైన జఠర రసం చుక్కలు చుక్కలుగా మొదలై, కుక్క తింటున్నంతసేపూ కారుతూనే ఉంటుంది. ఆ రసాన్ని ఆయన లాబ్ అజీర్తికి మందుగా అమ్మింది కూడా. పరిశోధనకు నిధులు ఎలా వస్తాయో చెప్పలేం!

అసలు విషయం తర్వాతి మెట్టులో ఉంది. అదే కుక్కకు రెండు వేగస్ నరాలూ కోసేస్తే రసం ఆగిపోయింది. కుక్క అంతే ఆత్రంగా తిన్నా సరే. అంటే నోటికీ జీర్ణాశయానికీ మధ్య కబురు మోసేది రక్తం కాదు, నరమే అని తేలింది.

ఈ వేగస్ నరం మన కథలో ముఖ్య పాత్ర కాబట్టి దాని గురించి నాలుగు మాటలు. 12 జతల్లో ఇది పదోది. బ్రెయిన్ స్టెమ్ అడుగు భాగమైన మజ్జాముఖం దగ్గర బయలుదేరి మెడ, ఛాతీ మీదుగా పొట్టలోకి దిగి, జీర్ణాశయానికీ, చిన్నపేగుకీ, పెద్దపేగు మొదటి భాగానికీ కొమ్మలు ఇస్తుంది. ఇందులో దాదాపు 80 శాతం పోగులు కింది నుంచి పైకి సమాచారం మోసేవే. ఆజ్ఞలు తెచ్చేవి మిగతా కొద్దివి మాత్రమే. నోటి నుంచి వచ్చే రుచి కబురు మజ్జాముఖంలోని ఒక కేంద్రంలో దిగుతుంది. స్పర్శ, ఒత్తిడి కబుర్లు కూడా ట్రైజెమినల్ కేంద్రాల గుండా దాని పొరుగుకి చేరతాయి. వేగస్ ఆజ్ఞలు బయలుదేరే కేంద్రం ఆ పక్కనే ఉంటుంది. సందేశం అందుకునేవాడూ, ఆజ్ఞ ఇచ్చేవాడూ ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నారన్నమాట. దవడ ఆడుతుండగానే కింద మార్పు మొదలవుతుందంటే ఆశ్చర్యం లేదు.

ఇప్పటిదాకా రసాల గురించే చెప్పాను. ఇక కదలికల దగ్గరికి వద్దాం. నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే. రసం కారితే కంటికి కనబడుతుంది. కదలికను చూడాలంటే కొంచెం తిప్పలు పడాలి.

1895లో ఎక్స్‌రే కనుక్కున్నారు. ఆ మరుసటి ఏడే వాల్టర్ కానన్ అనే వైద్య విద్యార్థి హార్వర్డ్‌లో దాన్ని జంతువుల జీర్ణనాళం మీదికి తిప్పాడు. ఆహారంలో బిస్మత్ కలిపి పెడితే ఎక్స్‌రేలో అది నల్లగా కనిపిస్తుంది. పిల్లి జీర్ణాశయం అలలు అలలుగా కదలడం తెర మీద కనపడింది. ఇంకోటి కూడా కనపడింది. పిల్లి కంగారు పడినా, కోపం వచ్చినా ఆ అలలు టక్కున ఆగిపోయేవి. శాంతించాక మళ్లీ మొదలయ్యేవి. టెన్షన్‌లో తింటే ఒంటికి పట్టదు అని ఇంట్లో పెద్దవాళ్లు అనే మాటకు బొమ్మ దొరికినట్టయింది.

అదే కానన్ 1911లో లీబ్ అనే మరో పరిశోధకుడితో కలిసి ఇంకో సంగతి గమనించాడు. జంతువు మింగినప్పుడల్లా జీర్ణాశయం పై భాగం బిగుసుకోవడం పోయి, సడలుతోంది. ముద్ద ఇంకా అన్నవాహికలోనే ఉంది. మన అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు, ముద్ద కిందికి చేరడానికి 8 నుంచి 10 సెకన్లు పడుతుంది. ఆ ముద్ద దారిలో ఉండగానే కింది కవాటం తెరుచుకుంటుంది, జీర్ణాశయం చోటు చేస్తుంది. ఖాళీ జీర్ణాశయం లోపలి చోటు పిడికెడంత కూడా ఉండదు. భోజనం అయ్యేసరికి లీటరు, లీటరున్నర పడుతుంది. విశేషం ఏమిటంటే లోపలి ఒత్తిడి మాత్రం పెద్దగా పెరగదు. ఊరికే సాగే సంచీ అయితే నిండేకొద్దీ బిగుసుకోవాలి. ఇక్కడ నరం ముందే కండరాన్ని వదులు చేస్తోంది.

ఒకే వేగస్ నరం రెండు రకాల ఆజ్ఞలు ఎలా ఇస్తుంది అని అడగొచ్చు. పై భాగాన్ని వదులు చేస్తుంది, కింది భాగాన్ని చురుగ్గా పిండిస్తుంది. వేగస్ పోగులు నేరుగా కండరాన్ని తాకవు. గోడలో ఉన్న స్థానిక నాడీకణాలను తట్టి లేపుతాయి. కొన్ని కణాలు ఎసిటైల్‌కోలిన్ వదులుతాయి, దాంతో కండరం బిగుస్తుంది. ఇంకొన్ని నైట్రిక్ ఆక్సైడ్ వదులుతాయి, దాంతో కండరం సడలుతుంది. ఏ కణాన్ని తట్టాలన్నది మెదడు ఎంచుకుంటుంది.

జీర్ణాశయం కింది భాగం మర లాంటిది. నిమిషానికి 3 అలలు నడుస్తాయి. ఈ 3 అనే లెక్క నరానిది కాదు, కండరం మధ్యలో ఉండే కాహల్ కణాలది. నరం చేసేది ఆ అలల బలాన్ని పెంచడం, తగ్గించడం. అల ఆహారాన్ని చివరి ద్వారం వైపు నెడుతుంది. ఆ ద్వారం పేరు పైలోరస్. మామూలుగా రెండు మిల్లీమీటర్ల లోపు ముక్కలే దాని గుండా పోతాయి. పెద్దవి వెనక్కి తన్నబడి మళ్లీ నలుగుతాయి. నోట్లో సగం సగం నమిలి మింగితే ఆ మిగిలిన పని ఇక్కడ జరగాలి. జరుగుతుంది కూడా, కాకపోతే సమయం పడుతుంది. బాగా నమిలిన ఆహారం జీర్ణాశయాన్ని త్వరగా ఖాళీ చేయడానికి ఒక కారణం ఇదే. ఇది రిఫ్లెక్స్ కాదు, ఉత్త ముక్కల సైజు సంగతి. రెండూ కలిపేసి మాట్లాడతారు కాబట్టి వేరు చేసి చెబుతున్నాను.

ఈ నరం తెగిపోతే ఏమవుతుందన్నదానికి మనిషిలోనే జవాబు దొరికింది. 1943లో షికాగోలో డ్రాగ్‌స్టెట్ అనే సర్జన్ అల్సర్‌కి వైద్యంగా వేగస్ నరాలను కోయడం మొదలుపెట్టాడు. ఆమ్లం తగ్గింది, అల్సర్లు మానాయి. కానీ చాలామందికి కొత్త బాధ మొదలైంది. తిన్నది జీర్ణాశయంలోనే నిలిచిపోతోంది. గంటలకొద్దీ బరువు, వాంతులు. తర్వాత నుంచి సర్జన్లు నరం కోసినప్పుడల్లా పైలోరస్‌ని కూడా వెడల్పు చేయడం మొదలుపెట్టారు. ఇంకా విచిత్రం చూడండి: గట్టి ఆహారం ఆలస్యమైంది గానీ ద్రవాలు మామూలు కంటే వేగంగా జారిపోయాయి. ఎందుకు? కింది భాగం పిండే బలం తగ్గింది కాబట్టి గట్టివి నలగలేదు. పై భాగం సడలడం మానేసింది కాబట్టి తాగిన నీళ్లకి చోటు లేక ఒత్తిడితో కిందికి పోయాయి. నరం చేసే రెండు పనులూ, అది పోయినప్పుడు విడివిడిగా బయటపడ్డాయి. ఆ తర్వాత మంచి మందులు వచ్చాయి, అల్సర్‌కి కారణమయ్యే బాక్టీరియా దొరికింది, ఆ ఆపరేషన్ దాదాపు కనుమరుగైంది. మనకు మిగిలింది ఆ పాఠం.

ఇక టామ్ కథ. 1940లలో న్యూయార్క్‌లో స్టీవార్ట్ వుల్ఫ్, హెరాల్డ్ వుల్ఫ్ అనే ఇద్దరు డాక్టర్లు ఆయన్ని పరిశీలించారు. వైద్య సాహిత్యంలో ఆయన పేరు టామ్ అనే ఉంది. తొమ్మిదేళ్ల వయసులో మరిగే సూప్ గటగటా తాగేయడంతో ఆయన అన్నవాహిక కాలిపోయి మూసుకుపోయింది. పొట్ట మీద రంధ్రం చేసి నేరుగా జీర్ణాశయంలోకి ఆహారం పంపే ఏర్పాటు చేశారు. అలాగే పెళ్లి చేసుకున్నాడు, ఉద్యోగాలు చేశాడు. ఎవరి ముందూ తినేవాడు కాదు. ఆయన భోజనం చేసే తీరు చూడండి: ఆహారాన్ని నోట్లో పెట్టుకుని బాగా నమిలి, రుచి చూసి, దాన్ని గొట్టానికి తగిలించిన గరాటులోకి ఉమ్మేవాడు. నమలకుండా నేరుగా గరాటులో పోస్తే పొట్ట నిండేది గానీ తిన్నట్టు ఉండేది కాదట. ఆయనకు ఎవరూ శరీరధర్మ శాస్త్రం చెప్పలేదు. నమలడం తనకు అవసరమని తానే కనిపెట్టుకున్నాడు.

ఇలాంటి మనిషే ఇంకొకాయన అంతకు ముందు 1910లలో షికాగోలో కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్తకు దొరికాడు. ఆ మనిషి జీర్ణాశయంలోకి గాలిబుడగ పంపి ఆకలి వేళ వచ్చే బలమైన పిండుళ్లను కొలిచారు. పొట్టలో ఎలుకలు పరిగెడుతున్నాయి అంటామే, అప్పుడు జరిగేది అదే. ఆయన నోట్లో ఏదైనా నమలడం మొదలుపెట్టగానే ఆ పిండుళ్లు తగ్గిపోయాయి. ఏమీ మింగలేదు. అప్పుడు గమనించినదానికి ఇప్పుడు ఇంకాస్త వివరణ ఉంది. ఖాళీ పొట్టలో 90 నుంచి 120 నిమిషాలకోసారి జీర్ణాశయం నుంచి చిన్నపేగు చివరిదాకా ఒక ఊడ్పు అల నడుస్తుంది, మిగిలిపోయిన పీచూ చెత్తా నెట్టేయడానికి. భోజనం మొదలైతే ఆ అల ఆగి, కలిపి నూరే పద్ధతి మొదలవ్వాలి. నమలడం ఆ మార్పుకు తొలి సూచన.

ఇప్పుడు పెద్దపేగు. ఓపీలో తరచూ వినే ఫిర్యాదు ఒకటుంది: “తిన్నది తిన్నట్టే పోతోంది డాక్టర్.” తినగానే బాత్రూమ్‌కి పరిగెత్తాలి, అదీ బాధ. వాళ్ల భయం ఏమిటంటే, ఇప్పుడు తిన్నదే ఇప్పుడే బయటికి వచ్చేస్తోందని. అలా జరగదండీ. ఆహారం మొత్తం దారి దాటడానికి ఒక రోజు, ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. బయటికి వస్తున్నది నిన్నటిదో మొన్నటిదో. భోజనం పడగానే పెద్దపేగులో బలమైన కదలికలు వస్తాయి, పాతది ముందుకు తోయబడుతుంది. దీన్ని గాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్ అంటారు. పాలు తాగుతూ తాగుతూనే పసిపిల్లలు మోషన్ చేయడం తల్లులందరికీ తెలిసిందే. పొద్దున్నే ఈ స్పందన ఎక్కువ.

పేరులో గాస్ట్రో ఉంది కదా అని అది జీర్ణాశయం దగ్గరే మొదలవుతుందని అనుకుంటాం. అది సాగడం ముఖ్య కారణమే, పేగులోకి కొవ్వు చేరినప్పుడు విడుదలయ్యే హార్మోన్లూ తోడవుతాయి. కానీ పెద్దపేగు చివరి భాగంలో సన్నని గొట్టాలు పెట్టి ఒత్తిడి కొలిచినప్పుడు, ఆహారాన్ని నమిలి ఉమ్మేసినా అక్కడ కదలిక పెరిగింది. నోటికీ, పెద్దపేగు కొసకీ మధ్య మీటర్ల కొద్దీ పేగు ఉంది. ఆహారం ఇంకా ప్లేటులోనే ఉంది. కబురు మాత్రం అక్కడిదాకా చేరిపోయింది.

ఇక్కడ ఒక బ్రేక్ వేయాలి. ఇదంతా విని, మెదడే పేగుల్ని ఆడిస్తోంది అనుకోకండి. పేగు గోడలో 10 కోట్లకు పైగా నాడీకణాలు రెండు పొరలుగా పరుచుకుని ఉన్నాయి. వాటిని 19వ శతాబ్దంలో వర్ణించిన మైస్నర్, ఆవర్‌బాక్‌ల పేర్లతోనే ఆ పొరల్ని పిలుస్తాం. 1899లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు పేగుకు బయటి నుంచి వచ్చే నరాలన్నీ కోసేసి చూశారు. అయినా పేగులో ముద్ద పెడితే, దాని వెనక కండరం బిగుసుకుంది, ముందర సడలింది, ముద్ద ముందుకు కదిలింది. పేగుకి తన పని తనకు తెలుసు. నమలడం ద్వారా వెళ్లే కబురు ఆ పనిని మొదలుపెట్టించేది కాదు, సిద్ధం చేసేది, హుషారు చేసేది. అందుకే ట్యూబ్ ద్వారా నేరుగా జీర్ణాశయంలోకి ఆహారం వెళ్లేవాళ్లు కూడా జీర్ణం చేసుకోగలుగుతున్నారు.

మరి పేగు తానే మొరాయిస్తే? అప్పుడు ఈ కబురు పనికొస్తుందా? ఈ ప్రశ్న సర్జరీ వార్డులో పుట్టింది.

పొట్ట ఆపరేషన్ అయినవాళ్ల దగ్గరికి రౌండ్స్‌లో వచ్చిన డాక్టర్ పొద్దున్నే అడిగే మొదటి ప్రశ్న తెలుసు కదా: “గ్యాస్ పోయిందా?” మొహమాటపడే ప్రశ్నే గానీ, దాని జవాబు మీదే పెద్ద నిర్ణయాలు ఉంటాయి. పొట్ట తెరిచి పేగుల్ని చేత్తో పట్టుకున్నాక అవి కొన్నాళ్లు కదలడం మానేస్తాయి. దీన్ని ఇలియస్ అంటారు. కారణాలు మూడు నాలుగు కలిసి పనిచేస్తాయి. గాయం వల్ల సింపథెటిక్ నరాలు, అంటే ప్రమాద సమయంలో ఒంటిని అప్రమత్తం చేసే నరాలు, రెచ్చిపోయి బ్రేకులు వేస్తాయి. చెయ్యి తగిలిన పేగు కండరంలో వాపు వస్తుంది. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందులు కదలికను ఇంకా అణిచేస్తాయి. సాధారణంగా చిన్నపేగు ఒక రోజులోపు తేరుకుంటుంది, జీర్ణాశయానికి ఒకటి రెండు రోజులు, పెద్దపేగుకి రెండు మూడు రోజులు. ఈలోగా పొట్ట ఉబ్బరం, వాంతులు, తిండి లేకపోవడం, ఆసుపత్రిలో రోజులు పెరగడం.

2002లో జపాన్ సర్జన్లు ఒక చిన్న అధ్యయనం ప్రచురించారు. లాప్రోస్కోపీతో పెద్దపేగు ఆపరేషన్ అయిన 19 మందిలో 10 మందికి మర్నాటి నుంచి రోజూ మూడుసార్లు చూయింగ్ గమ్ నమలమన్నారు. మిగతా 9 మందికి ఇవ్వలేదు. గమ్ నమిలినవాళ్లలో గ్యాస్ పోవడానికి సగటున 2.1 రోజులు పట్టింది, మిగతావాళ్లకి 3.2. మొదటి మోషన్ 3.1 రోజులకి అయింది, మిగతావాళ్లకి 5.8 రోజులకి. ఆలోచన చక్కగా ఉంది: తిండి పెట్టడానికి భయం, కాబట్టి ఉత్తుత్తి భోజనం పెడదాం. పావ్లోవ్ కుక్కకి కత్తితో చేసిన ఏర్పాటు ఇక్కడ ఒక గమ్ ముక్కతో అయిపోయింది. ఖర్చు దాదాపు లేదు, సైడ్ ఎఫెక్ట్స్ తక్కువ. ప్రపంచమంతా ఎగబడి అధ్యయనాలు చేసింది.

2015లో, వైద్య అధ్యయనాలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 81 అధ్యయనాలు, 9 వేలకు పైగా రోగుల వివరాలు కలిపి చూసింది. సగటున గ్యాస్ 10 గంటలు, మోషన్ 12 గంటలకు పైగా ముందుకి జరిగాయి. అయితే చాలా అధ్యయనాలు చిన్నవి, నాణ్యత అంతంతమాత్రం అని కూడా అందులోనే రాశారు. ఆ తర్వాత 2018లో నెదర్లాండ్స్ నుంచి పెద్ద అధ్యయనం వచ్చింది, దాదాపు 2 వేల మందితో. అందులో గమ్ నమిలినా ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గలేదు, ఇతర సమస్యలూ తగ్గలేదు.

ఏది నమ్మాలి? నాకు అర్థమైనంతలో రెండింటిలోనూ నిజం ఉంది. ఈ మధ్య సర్జరీ పద్ధతే మారిపోయింది. చిన్న కోతలు, మార్ఫిన్ తక్కువ, వీలైనంత త్వరగా నడిపించడం, మర్నాడే నోటితో తినిపించడం. నిజమైన భోజనం పెడుతున్నప్పుడు ఉత్తుత్తి భోజనంతో అదనంగా కలిసొచ్చేది ఏముంటుంది? తినడం ఆలస్యమయ్యే చోట మాత్రం గమ్‌కి ఇంకా చోటు ఉండొచ్చు. ఇంకో అనుమానం కూడా ఉంది. చక్కెర లేని గమ్‌లో సార్బిటాల్ ఉంటుంది, అది స్వయంగా విరేచనకారి. పేగు కదిలింది దవడ వల్లనా, సార్బిటాల్ వల్లనా అని విడదీయడం అంత తేలిక కాదు. ఇంకోవైపు, గమ్ నమిలితే కేవలం దవడ ఆడటమే సరిపోతుందా, రుచి, ఇష్టం కూడా ఉండాలా అన్న చర్చ ఉంది. పావ్లోవ్ అయితే ఆకలి, ఇష్టం లేని నమలడానికి జీర్ణాశయం పెద్దగా స్పందించదని గట్టిగా అనేవాడు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. వాళ్లకి చప్పరించి మింగి ఊపిరి తీసుకోవడం ఒక వరసలో కుదరదు, ట్యూబ్‌తో పాలు పోస్తారు. అలా పోస్తున్నప్పుడు నోట్లో పాసిఫయర్ పెట్టి చప్పరింపజేయడం చాలా చోట్ల అలవాటు. అలా చేస్తే నోటితో తాగడానికి త్వరగా మారుతున్నారు, ఇంటికీ త్వరగా వెళ్తున్నారు. అన్నవాహిక మూసుకుపోయి పుట్టిన పిల్లల్లో కూడా, దాన్ని సరిచేసే ఆపరేషన్ దాకా కొన్ని కేంద్రాల్లో నోటికి పాలు అందించి, అవి మెడ దగ్గరి రంధ్రం గుండా బయటికి పోయేలా చేస్తారు. తినడం అనే వరస మొత్తం మరిచిపోకుండా ఉండటానికి.

అతిగా చెప్పేవాళ్ల గురించి మొదట్లో అన్నాను. హోరేస్ ఫ్లెచర్ అనే అమెరికన్ ఒకాయన 20వ శతాబ్దం మొదట్లో నమలడాన్ని ఉద్యమంలా నడిపాడు. నోట్లో ఆహారం రుచి పోయి తనంతట తాను గొంతులోకి జారేదాకా నమలాలి, నలగనిది ఉమ్మేయాలి, పాలూ సూపూ కూడా నమిలే తాగాలి అనేవాడు. అమెరికాలో, ఇంగ్లండ్‌లో ఎంతోమంది పాటించారు. భోజనాల బల్ల దగ్గర మాటలే ఉండేవి కావేమో! ఇన్నిసార్లు నమలాలి అన్న లెక్కకి శాస్త్రంలో ఆధారం లేదు. ఎన్నిసార్లు అన్నది ముద్ద స్వభావం, పళ్లు, లాలాజలం తేల్చుకుంటాయి. ఆ లెక్క బ్రెయిన్ స్టెమ్‌కి వదిలేయండి. మీరు చేయాల్సింది తొందరపెట్టకుండా ఉండటమే.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(సభ నుంచి ఒక యువకుడు: సర్, రోజూ చూయింగ్ గమ్ నమిలితే మలబద్ధకం తగ్గుతుందా?)

ఆపరేషన్ తర్వాత మొరాయించిన పేగు వేరు, మామూలు మలబద్ధకం వేరు బాబూ. రెండోదానికి గమ్ మందని చెప్పేంత ఆధారం లేదు. పైగా నమిలినంతసేపూ గాలి మింగుతుంటారు, పొట్ట ఉబ్బుతుంది. సార్బిటాల్ ఎక్కువైతే విరేచనాలు పట్టుకోవచ్చు. దవడ కీలు నొప్పి ఉన్నవాళ్లు అసలు వద్దు. దానికంటే గాస్ట్రోకోలిక్ రిఫ్లెక్స్‌ని వాడుకోండి. పొద్దున తిన్నాక పది పదిహేను నిమిషాల్లో, తొందర లేకుండా టాయిలెట్‌కి వెళ్లి కూర్చునే అలవాటు చేసుకోండి. అప్పుడు పేగు మీ తరఫున పనిచేస్తుంటుంది. ఛాతీలో మంట, పులితేన్పులు ఉన్నవాళ్లకి మాత్రం భోజనం తర్వాత కాసేపు గమ్ నమిలితే ఉపశమనం ఉంటుంది. లాలాజలం ఎక్కువ ఊరుతుంది, మాటిమాటికీ మింగుతారు, ప్రతి మింగుడుకీ అన్నవాహికలో ఒక అల నడిచి ఆమ్లాన్ని కిందికి తోసేస్తుంది.

(ఒక మహిళ: డాక్టర్ గారూ, మా నాన్నగారికి స్ట్రోక్ వచ్చి ముక్కులోంచి ట్యూబ్ వేశారు. నోటికి ఏదైనా రుచి చూపించొచ్చా?)

మీ అంతట మీరు చేయకండమ్మా. మింగే రిఫ్లెక్స్ దెబ్బతింటే చిన్న ముద్ద కూడా ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. మింగడాన్ని పరీక్షించే థెరపిస్టులు ఉంటారు. వాళ్లు చూసి ఏది, ఎంత, ఏ భంగిమలో అన్నది చెబుతారు. అప్పటిదాకా నోరు రోజూ శుభ్రం చేయండి, ఎండిపోకుండా చూడండి. అది చిన్న పని అనుకోవద్దు.

(వెనక వరసలోంచి ఒక పెద్దాయన: నాకు పాతికేళ్లుగా షుగర్. రెండు ముద్దలు తింటే చాలు, నిండిపోయినట్టు ఉంటుంది. దీనికీ ఈ నరానికీ సంబంధం ఉందాండీ?)

ఉండొచ్చండీ, మంచి ప్రశ్న. షుగర్ చాలా ఏళ్లు ఉంటే కాళ్ల నరాలు తిమ్మిరెక్కినట్టే వేగస్ కూడా దెబ్బతినొచ్చు. పై భాగం సడలదు కాబట్టి రెండు ముద్దలకే నిండుతుంది, కింది భాగం నూరదు కాబట్టి నిలవ ఉండిపోతుంది. గాస్ట్రోపరేసిస్ అంటారు. ముందు ఎండోస్కోపీ చేసి దారిలో అడ్డం ఏమీ లేదని చూస్తారు. తర్వాత ఆహారం ఎంతసేపట్లో ఖాళీ అవుతోందో కొలిచే స్కాన్ ఉంటుంది. నరం పని చేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంకో పరీక్ష ఉంది, ఎక్కువగా పరిశోధనల్లో వాడతారు. మనిషికి ఆహారం ఇచ్చి నమిలి ఉమ్మేయమంటారు. ముందూ తర్వాతా రక్తం తీసి, క్లోమం నుంచి వచ్చే పాంక్రియాటిక్ పాలీపెప్టైడ్ అనే హార్మోన్ చూస్తారు. వేగస్ బాగుంటే నమిలిన కాసేపట్లోనే అది పెరుగుతుంది, లేకపోతే ఉన్నచోటే ఉంటుంది. మీరు ఇన్సులిన్ తీసుకుంటుంటే ఈ సంగతి మీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. తిన్నది ఆలస్యంగా కిందికి దిగితే, ఇంజెక్షన్ పనిచేసే వేళకి చక్కెర రక్తంలోకి చేరకపోవచ్చు, షుగర్ పడిపోతుంది. డోసూ, టైమూ రెండూ ఆయన చూసి మార్చాలి. ఈలోగా కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినండి, కొవ్వూ పీచూ తక్కువగా, మెత్తగా ఉండేవి.